తిరుగుతున్న డిస్క్‌ను కదపకండి: ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌ను దెబ్బల నుంచి కాపాడుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్ కింద పడిందంటే అందరి చూపూ ముందు స్క్రీన్ మీదకే పోతుంది. స్క్రీన్ పగిలితే కొత్తది వేయించుకోవచ్చు, కీబోర్డు పోతే మార్చుకోవచ్చు. లోపలి హార్డ్ డిస్క్ దెబ్బతింటే మాత్రం ప్రాజెక్టు రిపోర్టు, పెళ్లి ఫొటోలు, ఇన్నేళ్ల ట్యాలీ లెక్కలు దాంతోపాటే పోతాయి. అవి ఏ షాపులోనూ దొరకవు. పైగా డిస్క్ పాడవడానికి ల్యాప్‌టాప్ టేబుల్ మీంచి నేల మీద పడే పనే లేదు. ఆన్‌లో ఉండగా ఒక చేత్తో పట్టుకొచ్చి గ్రానైట్ అరుగు మీద టప్పున పెట్టినా చాలొచ్చు.

1. ముందు మీ దాంట్లో ఉన్నది ఏ డిస్కో చూసుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్తే ‘డిస్క్ 0’ కింద హెచ్‌డీడీ (తిరిగే హార్డ్ డిస్క్) అనో ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచుకునే డిస్క్) అనో కనిపిస్తుంది. పాత విండోస్‌లో అది రాకపోతే స్టార్ట్ మెనూలో ‘డీఫ్రాగ్మెంట్’ అని వెతికి ఆ విండో తెరవండి, ‘మీడియా టైప్’ అనే వరుసలో ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ అయితే ఈ కింద రాసిన దాంట్లో చాలామటుకు మీకు అక్కర్లేదు. అందులో తిరిగే భాగమే ఉండదు. కొన్ని ల్యాప్‌టాపుల్లో విండోస్ ఎస్‌ఎస్‌డీలో ఉండి, ‘డి’ డ్రైవు మాత్రం 1 టీబీ హార్డ్ డిస్క్ అయి ఉంటుంది. అందుకని ‘డిస్క్ 1’ కూడా చూడండి. ఫొటోలూ వీడియోలూ ఉండేది సాధారణంగా దాంట్లోనే.

2. లోపల ఏం జరుగుతోందో ఒక్కసారి ఊహించుకోండి

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ 2.5 అంగుళాల సైజు డబ్బా. అందులో అద్దంలా మెరిసే పళ్లెం ఒకటో రెండో నిమిషానికి 5400 సార్లు, కొన్నింట్లో 7200 సార్లు తిరుగుతుంటాయి. 5400 దాంట్లో కూడా పళ్లెం అంచు వేగం గంటకు 65 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాని మీద చదివే, రాసే హెడ్ పళ్లేన్ని తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. తల వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లలో ఉంటుంది కాబట్టి, ఆ సందు ఎంత సన్ననిదో మీరే లెక్కేసుకోండి. ఆ స్థితిలో కుదుపు తగిలితే హెడ్ పళ్లేన్ని గీరుతుంది. గీరిన చోట డేటా పోతుంది. లేచిన పొడి మళ్లీ హెడ్ కింద పడి ఇంకో చోట గీరుతుంది. పడిన రోజు బాగానే ఉన్న డిస్క్ వారం తర్వాత మొరాయించడానికి చాలాసార్లు కారణం ఇదే.

డిస్క్ ఆగినప్పుడు కథ వేరు. హెడ్ పళ్లెం పక్కనున్న చిన్న ప్లాస్టిక్ ర్యాంపు ఎక్కి కూర్చుంటుంది. కరెంటు ఒక్కసారిగా పోయినా పళ్లెం ఇంకా తిరుగుతున్న ఊపుతోనే మోటారు కాస్త విద్యుత్తు పుట్టించి హెడ్‌ను ర్యాంపు ఎక్కిస్తుంది. అందుకే తయారీ కంపెనీలు ఒకే డ్రైవుకు రెండు లెక్కలు ఇస్తాయి: పనిచేస్తుండగా సుమారు 350 నుంచి 400 జీ, ఆగి ఉండగా 900 నుంచి 1000 జీ. జీ అంటే భూమి గురుత్వ బలానికి ఎన్ని రెట్లు అని. ఆగిన డిస్క్ తట్టుకోగలిగిన దెబ్బలో సగం తగిలినా తిరుగుతున్న డిస్క్‌కు ప్రమాదమే.

నాలుగు వందల జీ అంటే ఎప్పటికీ తగలనంత పెద్ద దెబ్బ అనిపిస్తుంది. అలా అనుకోకండి. పడిన ఎత్తును, నేల తగిలాక పూర్తిగా ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే సగటున ఎన్ని జీలు పడ్డాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 75 సెంటీమీటర్ల టేబుల్ మీంచి టైల్స్ మీద పడి 2 మిల్లీమీటర్లలో ఆగితే 375 జీ. అదే 3 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గ్రానైట్ మీద పడి మిల్లీమీటరులో పదో వంతులో ఆగితే 300. ఎత్తు ఇరవై అయిదో వంతుకు తగ్గినా దెబ్బ పెద్దగా తగ్గలేదు చూశారా? అదే టేబుల్ మీంచి పడ్డా, కింద 2 సెంటీమీటర్లు అణిగే ఫోమ్ ఉంటే 40 జీ లోపే. ఇక మీదట చెప్పే జాగ్రత్తలన్నీ ఈ భాగహారం చుట్టూనే తిరుగుతాయి. ఆగే దూరం పెంచాలి. అది కుదరనప్పుడు డిస్క్ తిరగకుండా చూసుకోవాలి.

3. కదిపే ముందు ఆపండి, ఆగిందని నిర్ధారించుకోండి

ఉన్నవాటిలో ముఖ్యమైన అలవాటు ఇదే, పైసా ఖర్చు లేదు.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమ పక్కన ‘చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్’ అన్నది నొక్కండి. మూత మూస్తే ఏం జరగాలో అక్కడ ఉంటుంది. సినిమా డౌన్‌లోడ్ ఆగకూడదని ఎప్పుడో ‘డూ నథింగ్’ పెట్టి మరిచిపోయినవాళ్లు బోలెడుమంది. అలా ఉంటే మీరు మూత మూసి బ్యాగులో పెట్టినా లోపల డిస్క్ తిరుగుతూనే ఉంటుంది, బస్సు స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు స్లీప్ లేదా హైబర్నేట్ పెట్టండి. హైబర్నేట్ జాబితాలో లేకపోతే పైన ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్’ నొక్కి, కింద దానికి టిక్ పెట్టండి.

స్లీప్‌కీ హైబర్నేట్‌కీ తేడా ఉంది. స్లీప్‌లో ల్యాప్‌టాప్ కొద్దిపాటి కరెంటుతో నిద్రపోతుంది, హైబర్నేట్‌లో తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోతుంది. ఒక గది నుంచి ఇంకో గదికి మోసుకెళ్లడానికి స్లీప్ సరిపోతుంది. బయటికి వెళ్తుంటే హైబర్నేట్ గానీ షట్‌డౌన్ గానీ చేయండి. కొన్ని ల్యాప్‌టాపులు స్లీప్‌లో ఉండి కూడా మెయిళ్లు, అప్‌డేట్ల కోసం మధ్యలో లేస్తాయి. బ్యాగులోంచి తీసినప్పుడు అడుగు వేడిగా తగిలిందంటే మీది అలా లేచినదే.

మూత మూశాక వెంటనే ఎత్తకండి, పది సెకన్లు ఆగండి. డిస్క్ సాధారణంగా అరచేయి ఆనే చోట కింద, ఎడమకో కుడికో ఉంటుంది. అక్కడ చేయి ఆనిస్తే సన్నటి వణుకు తెలుస్తుంది. ఆగేటప్పుడు ‘టిక్’ మని ఒక చిన్న శబ్దం వస్తుంది, అది హెడ్ ర్యాంపు ఎక్కిన చప్పుడు. ఆ తర్వాత రొద క్రమంగా సన్నగిల్లి చేతికి ఏమీ తెలియకుండా పోతుంది. అప్పుడు ఎత్తండి.

ఆఫీసు వదిలే వేళకు ‘అప్‌డేట్ అండ్ షట్ డౌన్’ కొట్టి, తెరమీద గుండ్రాలు తిరుగుతుండగానే బ్యాగులో దోపేసి క్యాబ్ ఎక్కేవాళ్లను రోజూ చూస్తాం. డిస్క్ అంత గట్టిగా పనిచేసే సమయం ఇంకోటి ఉండదు. లైట్లన్నీ ఆరేదాకా కూర్చోండి, లేదా ఆ అప్‌డేట్‌ను ఇంటికెళ్లాక పెట్టుకోండి.

పవర్ సెట్టింగుల్లో ‘టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్’ అని ఇంకోటి ఉంటుంది. దాన్ని ఒక్క నిమిషానికి తగ్గిస్తే డిస్క్ ఎప్పుడూ ఆగే ఉంటుంది కదా అనిపిస్తుంది. చేయకండి. హెడ్ ర్యాంపు ఎక్కి దిగడానికి కూడా ఆయుష్షు లెక్క ఉంటుంది, ల్యాప్‌టాప్ డ్రైవుల్లో ఇది 3 లక్షలు, 6 లక్షలు అలా రాస్తారు. ఊరికే ఎక్కించి దించితే ఆ లెక్క కరిగిపోతుంది.

4. పడిపోవడాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటే దాన్ని మేల్కొలపండి

ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో 2003లోనే యాక్టివ్ ప్రొటెక్షన్ సిస్టమ్ వచ్చింది, 2005లో ఆపిల్ సడెన్ మోషన్ సెన్సర్ పెట్టింది. హెచ్‌పీలో 3డీ డ్రైవ్‌గార్డ్, డెల్‌లో ఫ్రీ ఫాల్ సెన్సర్ అంటారు. పేర్లు వేరైనా పని ఒకటే. వస్తువు గాల్లో పడుతున్నప్పుడు దానికి బరువు తెలియదు, సెన్సర్ రీడింగు దాదాపు సున్నాకు వస్తుంది. అది చూసి నేల తగిలేలోపు హెడ్‌ను ర్యాంపు ఎక్కించేస్తారు.

చిక్కేమిటంటే చాలా ల్యాప్‌టాపుల్లో సెన్సర్ ఉన్నా దాన్ని పనిచేయించే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) ఉండదు. షాపులో విండోస్ ఫార్మాట్ చేసి మళ్లీ వేసేటప్పుడు వైఫై, సౌండ్ పనిచేస్తే చాలనుకుంటారు. ఇది లేకపోయినా ఎవరికీ తెలియదు కాబట్టి వదిలేస్తారు. మీ ల్యాప్‌టాప్ అడుగున ఉండే మోడల్ నంబరు గానీ సర్వీస్ ట్యాగ్ గానీ తయారీ కంపెనీ సపోర్ట్ సైట్‌లో కొట్టి, పై పేర్లతో ఏదైనా ఉందేమో చూసి వేసుకోండి. హెచ్‌పీలో హెడ్ పార్క్ అయినప్పుడు డిస్క్ లైటు నారింజ రంగుకు మారుతుంది. థింక్‌ప్యాడ్‌లో అయితే ఆ ప్రోగ్రాం తెరిస్తే ఒక ల్యాప్‌టాప్ బొమ్మ మీరు వంచినట్టల్లా వంగుతుంది. పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇవి చాలు, మంచం మీద పడేసి పరీక్షించే ధైర్యం చేయకండి.

అది ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. టేబుల్ ఎత్తు నుంచి పడటానికి సెకనులో దాదాపు 0.4 వంతు పడుతుంది, సెన్సర్‌కు అది సరిపోతుంది. 10 సెంటీమీటర్ల నుంచి పడితే 0.14 సెకను మాత్రమే. పక్కనుంచి మోచేయి తగిలినా, మీద పుస్తకం పడినా అసలు పతనమే లేదు, ముందుగా హెచ్చరిక ఎక్కణ్నుంచి వస్తుంది? సెన్సర్ కాపాడేది పెద్ద పతనాల నుంచే. చిన్న దెబ్బలు మీరే చూసుకోవాలి.

5. టేబుల్ దగ్గర, మంచం దగ్గర

ఛార్జర్ వైరు నడిచే దారికి అడ్డంగా పోకూడదు. గోడ వెంట తిప్పి తీసుకోండి, అవసరమైతే ఎక్స్‌టెన్షన్ బాక్సును టేబుల్ కాలికి కట్టండి. చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్‌ను కింద పడేసేది పిల్లల కాళ్లకు తగిలిన ఈ వైరే.

ఆన్‌లో ఉన్నదాన్ని ఒక మూల పట్టుకుని ఎత్తకండి. బాడీ మెలిపడి ఆ ఒత్తిడి డిస్క్ దాకా పోతుంది. రెండు చేతులతో ఎత్తి, దించేటప్పుడు నాలుగు రబ్బరు కాళ్లూ నెమ్మదిగా ఆనేలా దించండి. స్లో అయిందని పక్కన రెండు తగిలించే అలవాటు పాత టీవీల కాలం నాటిది, డిస్క్ దగ్గర అది పనిచేయదు.

రాతి అరుగు మీదో గాజు టీపాయ్ మీదో పనిచేస్తుంటే కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేసుకోండి. పరుపు మెత్తగా ఉంటుంది కదా అనుకోవచ్చు, కానీ గాలి రంధ్రాలు మూసుకుపోయి వేడెక్కుతుంది, పక్కకు ఒత్తిగిలితే జారి గచ్చు మీదకే పోతుంది. డీజే బాక్సుల మీద, ఆడుతున్న జనరేటర్ దగ్గర పెట్టడం కూడా మంచిది కాదు. ఒకప్పుడు ఒక పాప్ పాట ప్లే చేస్తే కొన్ని 5400 స్పీడు డిస్కులున్న ల్యాప్‌టాపులు ఆగిపోయేవని, ఆ పాటలోని ఒక శబ్దం డిస్క్ సహజ కంపనంతో కలవడమే కారణమని 2022లో ఒక మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రాశారు. శబ్దానికే అంత ప్రభావం ఉంది మరి.

6. బ్యాగు అడుగు చూడండి

బ్యాగు కొనేటప్పుడు జిప్పులు, అరలు లెక్కపెడతాం. అసలు చూడాల్సింది ల్యాప్‌టాప్ అర అడుగు. లోపలికి చేయి పెట్టి కిందదాకా దించండి. మీ వేళ్లకూ నేలకూ మధ్య ఒక్క గుడ్డ పొరే తగిలిందా? అయితే మీరు బ్యాగు కింద పెట్టిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ అంచు నేరుగా నేలకు కొట్టుకుంటుంది. మంచి బ్యాగుల్లో ఆ అర అడుక్కంటా రాకుండా రెండు మూడు సెంటీమీటర్ల పైనే ఆగిపోతుంది. మీది అలా లేకపోతే కొత్తది కొనక్కర్లేదు. పరుపుల షాపులో గట్టి ఫోమ్ ముక్క గానీ, పాత యోగా మ్యాట్‌ను రెండు మూడు మడతలు గానీ అర వెడల్పుకు కోసి అడుగున పెట్టండి. అటూ ఇటూ ఊగకుండా బిగుతుగా ఉండే స్లీవ్ కూడా వేస్తే ఇంకా మంచిది. ఛార్జర్ ఇటుక, స్టీలు టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా వేరే అరలో పెట్టాలి.

బైకు మీద బ్యాగు వీపుకే ఉండాలి. స్కూటీ ఫుట్‌బోర్డు మీద, ట్యాంకు మీద పెడితే రోడ్డు గతుకులన్నీ నేరుగా దానికే. వీపున ఉంటే మీ ఒళ్లు కొంత కుదుపును మింగేస్తుంది. ఆటోలో, బస్సులో ఒళ్లో పెట్టుకోండి, డిక్కీలో వేయకండి. రైల్లో కొక్కేనికి వేలాడదీస్తే బ్యాగు రాత్రంతా గోడకు కొట్టుకుంటూనే ఉంటుంది, తల దగ్గర పెట్టుకుని పడుకోవడం నయం. ఇవన్నీ డిస్క్ ఆగి ఉన్నప్పటి మాట. కదులుతున్న బస్సులో ఒళ్లో పెట్టుకుని హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్ మీద పని చేయడం వీలైనంత వరకు మానేయండి.

7. రిపేరు నుంచి వచ్చాక ఒకసారి ఊపి చూడండి

డిస్క్‌ను బాడీకి పట్టి ఉంచేది ఒక ఇనుప బ్రాకెట్, నాలుగు స్క్రూలు, కొన్ని మోడళ్లలో నాలుగు రబ్బరు బుష్‌లు. సర్వీసుకు ఇచ్చినప్పుడు వీటిలో రెండు స్క్రూలు, రబ్బర్లు తిరిగి రాకపోవడం మామూలే. ఆఫ్ చేసి, చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ వంచండి. లోపల ఏదైనా కదులుతున్న చప్పుడు వస్తే డిస్క్ వదులుగా ఉందేమో చూపించండి. వదులుగా ఉన్న డిస్క్‌కు ఒక్కో కుదుపూ రెండుసార్లు తగులుతుంది, ముందు బాడీ కదిలినప్పుడు, తర్వాత అది పోయి గోడకు కొట్టుకున్నప్పుడు.

మీరే బిగించుకుంటే ఎం3 సైజు పొట్టి స్క్రూలే వాడండి, పొడవువి లోపలికి గుచ్చుకుంటాయి. డిస్క్ చుట్టూ ఫోమ్ కూరే ప్రయత్నం వద్దు. వేడి బయటికి పోదు. దాని మీద గాలి పీల్చుకునే చిన్న రంధ్రం ఉంటే, అది కూడా మూసుకుపోతుంది. మూయవద్దని పక్కనే రాసి ఉంటుంది.

8. పడనే పడింది, ఇప్పుడేం చేయాలి?

మొదట, ఊరికే ఆన్ చేసి ఆఫ్ చేసి చూడకండి. ఒక్కసారి ఆన్ చేసి చెవి పెట్టి వినండి. మామూలు రొదే వస్తోందా, లేక ‘టక్ టక్ టక్’ మంటూ ఒకే లయలో కొట్టుకుంటోందా, గీసుకుంటున్న చప్పుడా? చివరి రెండిట్లో ఏది వచ్చినా పవర్ బటన్ నొక్కి పట్టి ఆ క్షణమే ఆపేయండి. ఆ తర్వాత తిరిగే ప్రతి నిమిషమూ పళ్లేన్ని ఇంకొంచెం గీస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టడం, డబ్బా విప్పి చూడటం లాంటివి చేయకండి. డేటా చాలా ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి. దుమ్ము లేని గదిలో అదే మోడల్ డ్రైవు నుంచి హెడ్‌లు తీసి వేస్తారు, ఖర్చు కొత్త డిస్క్ ధర కంటే ఎన్నో రెట్లు ఉంటుంది.

చప్పుడు మామూలుగానే ఉంటే పరీక్షలు తర్వాత, ముందు కాపీ. మళ్లీ దొరకనివి మొదట, సినిమాలు ఆఖర్న. కాపీ అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూడండి. 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు డిస్క్‌లో పాడైన, చదవలేని చోట్ల లెక్కలు, వాటిలో చివరి విలువ సున్నా ఉండాలి. అది పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ను నమ్మకండి. బీఎఫ్ అనే వరుస కొన్ని డ్రైవుల్లో ఉంటుంది, అది కుదుపుల వల్ల వచ్చిన తప్పుల లెక్క.

కాపీ కాకముందే విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్, ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ నడపకండి. అవి డిస్క్ అంతా తిప్పి తిప్పి చదువుతాయి, పైగా మీ ఫైళ్ల మీద రాస్తాయి కూడా. ఫైళ్లు మధ్యలో ఆగుతుంటే, కంప్యూటర్ తెలిసినవాళ్లను అడిగి లైనక్స్‌లో డీడీరెస్క్యూ వాడించండి. అది ముందు బాగున్న భాగాలన్నీ తీసేసి, చదవలేని చోట్లను చివరికి ఉంచుతుంది. ఎక్కడి దాకా వచ్చిందో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ మొదటికి రాదు.

9. వీలైతే డిస్క్‌నే మార్చేయండి

నా అభిప్రాయంలో ఇన్ని జాగ్రత్తల కంటే ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడమే మేలు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీలు (హార్డ్ డిస్క్ ఉన్న చోటే పట్టే రకం) కూడా 1500 జీ దాకా తట్టుకుంటాయని కంపెనీలు రాస్తాయి, ఆన్‌లో ఉన్నా సరే. పాత ల్యాప్‌టాప్ వేగం పెరగడం దీనికి అదనం. 2.5 అంగుళాల సైజులో 7 మిల్లీమీటర్ల మందం ఉన్నది దాదాపు అన్నింట్లో పడుతుంది. మీ పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లదైతే కొన్ని ఎస్‌ఎస్‌డీల పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము అంటించండి, లేకపోతే వదులుగా ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ దాకా వెళ్లగలిగితే, పాత డిస్క్‌లో ఉన్నదంతా క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు నకలు తీసి) అక్కడే మార్చి ఇచ్చే షాపులు దొరుకుతాయి. క్లోన్ చేసే ముందు బ్యాకప్ మీ చేతిలో ఉండాలి.

ఎస్‌ఎస్‌డీ పడినా బతుకుతుంది గానీ, పాడైతే చప్పుడూ గీతా ఏమీ లేకుండా ఒక్కసారిగా పోతుంది, బ్యాకప్ మానేయడానికి అది సాకు కాదు.

తీసేసిన హార్డ్ డిస్క్ బాగుంటే యూఎస్‌బీ కేసులో వేసి ఆ బ్యాకప్‌కే వాడుకోండి. కానీ బయటి డిస్క్‌కు కూడా ఇవే నియమాలు, కాస్త ఎక్కువగానే. ఫొటో స్టూడియోల్లో ల్యాప్‌టాప్‌కు ఆనించి నిలబెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్క్ వైరు లాగితే పక్కకు ధడేల్మని పడుతుంది. 11 సెంటీమీటర్ల ఎత్తే, కానీ కాపీ అవుతుండగా. పడుకోబెట్టే వాడండి, కింద మౌస్ ప్యాడ్ వేయండి, వైరును టేబుల్‌కు టేపుతో అంటించండి. ‘సేఫ్లీ రిమూవ్’ కొట్టాక కూడా పళ్లెం ఆగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆగకముందే చేతిలోకి తీసుకుని తిప్పితే అది తిరగనంటూ ఎదురు తోస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ తోపు తగిలిందంటే తిరిగి టేబుల్ మీద పెట్టేసి ఇంకాసేపు ఆగండి.